గేటు పోయిన చోట దారి కలపడం: ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మీ ఊరి రోడ్లు, రైలు పట్టాలు దిద్దడం ఎలా?

మా పిన్ని కూతురి పెళ్లికి హైదరాబాద్ నుంచి కార్లలో వచ్చిన మగపెళ్లివారు, ఫోను చెప్పిన దారినే వచ్చి మా ఊరి రైలు కట్ట దగ్గర ఆగిపోయారు. అక్కడ ఒకప్పుడు గేటు ఉండేది. ఇప్పుడు రెండు వైపులా పాత పట్టాల ముక్కలు పాతి దారి మూసేశారు. కట్ట అవతల పందిరి కనిపిస్తోంది, సన్నాయి వినిపిస్తోంది, కారు మాత్రం కదలదు. అర కిలోమీటరు వెనక్కి వెళ్తే అండర్‌పాస్ ఉందని ఒక కుర్రాడు బండి మీద వచ్చి చెప్పేదాకా ఎదురుకోళ్లు కట్ట మీదే అయినట్టు లెక్క.

ఫోనులో దారి వెతికే ప్రోగ్రాము రోడ్డుని చూడదు. ఒక గీత ఇంకో గీతతో ఒక చుక్క దగ్గర కలిసిందా, లేదా? దానికి తెలిసింది అంతే. గేటు చుక్క ఉంటే దారి ఉన్నట్టు, అండర్‌పాస్ గీత లేకపోతే దారి లేనట్టు. అలాంటి తప్పు కనబడితే ఎవరికో అర్జీ పెట్టుకోకుండా మనమే దిద్దగలిగే మ్యాపు ఒకటుంది: ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. 2004లో స్టీవ్ కోస్ట్ అనే ఆయన ఇంగ్లండులో మొదలుపెట్టాడు. వికీపీడియాలాగే దీన్నీ ప్రధానంగా వాలంటీర్లు నింపుతారు. ఆర్గానిక్ మ్యాప్స్, ఓఎస్ఎమ్‌ఆండ్ లాంటి యాప్‌లు దీని మీదే నడుస్తాయి. మెటా, అమెజాన్, మైక్రోసాఫ్ట్ లాంటి పెద్ద కంపెనీలూ ఈ డేటా వాడుకుంటాయి. కాబట్టి మీరు కలిపిన ఒక్క చుక్క చాలా ఫోన్లలోకి వెళ్తుంది. మీరు పొరపాటున తెంపిన చుక్కా అంతే.

గేట్ల సంగతి ముందే ఎందుకు ఎత్తానంటే, రోడ్డూ రైలూ కలిసే చోటే మ్యాపులు ఎక్కువగా పాతబడతాయి. బ్రాడ్‌గేజి మీద కాపలా లేని గేట్లన్నీ 2019 జనవరి ఆఖరుకి తీసేశామని రైల్వే శాఖ ప్రకటించింది. కొన్నిటికి కాపలా పెట్టారు, కొన్ని మూసేశారు, చాలా చోట్ల కింద నుంచి సిమెంటు పెట్టెల్లాంటి దారులు వేశారు. రైల్వేవాళ్లు వాటిని ఆర్‌యూబీ అంటారు, మనం అండర్‌పాస్ అంటాం. ఆ తర్వాత కాపలా ఉన్న గేట్ల బదులు కూడా ఫ్లైఓవర్లు కడుతూ వస్తున్నారు. పై నుంచి తీసిన ఫొటో చూసి ఎక్కడో కూర్చుని గీసినవాళ్లకి ఇవేవీ తెలియవు. ఊళ్లో ఉన్న మీకు తెలుసు.

ముందు ఇల్లు కదలండి

కంప్యూటరు తర్వాత తెరవొచ్చు. ఒక ఆదివారం పొద్దున బండి తీసి మీ ఊరి చుట్టూ ఒక రౌండు వేయండి. ఓఎస్ఎమ్‌ఆండ్‌లో ట్రాక్ రికార్డింగు ఆన్ చేసి ఫోను జేబులో పడేసుకుంటే మీరు వెళ్లిన దారి మొత్తం నమోదవుతుంది. ఆగిన చోటల్లా ఫొటో తీసుకోండి.

కిలోమీటరు రాళ్లు వదలకండి. రాయి నెత్తిన పసుపు రంగుంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ ఉంటే రాష్ట్ర రహదారి, నారింజ రంగుంటే గ్రామీణ సడక్ పథకం కింద వేసిన రోడ్డు. మ్యాపులో ఏ తరగతి పెట్టాలన్న సగం గొడవ ఆ రంగుతోనే తీరిపోతుంది.

గేటు ఉంటే దాని నంబరు బోర్డు మీద ఉంటుంది, రాసుకోండి. గేటు పూర్తి వెడల్పు మూస్తుందా, సగమేనా చూడండి. అండర్‌పాస్ అయితే ముందు కట్టిన ఇనుప అడ్డం మీద ఎత్తు రాసి ఉంటుంది. లారీ డ్రైవర్లకి ఆ అంకె ప్రాణం. ఫ్లైఓవర్ కట్టాక కింద పాత గేటు నిజంగా మూశారా, పాదచారులకి వదిలారా అన్నది కూడా అక్కడ నిలబడితేనే తెలుస్తుంది.

ఒక్కటి మాత్రం చేయకండి. పట్టాల వెంట నడుస్తూ సర్వే చేయొద్దు. ప్రమాదం సంగతి అటుంచితే, 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద అది నేరం కూడా. పట్టాల వివరాలు గేటు దగ్గర నుంచో, ప్లాట్‌ఫారం మీద నుంచో, రైలు కిటికీలోంచో చూసి రాసుకుంటే చాలు.

స్టేషనుకి వెళ్తే పసుపు బోర్డుకి ఒక ఫొటో తీయండి. తెలుగులో ఊరి పేరు, సముద్రమట్టం నుంచి ఎత్తు, రెండూ అక్కడే దొరుకుతాయి.

ఖాతా, పనిముట్టు

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సైటులో ఈమెయిలుతో ఖాతా తెరవండి. సొంత పేరు పెట్టాలనేం లేదు. మీ ఊరి దగ్గరికి జూమ్ చేసి ఎడిట్ నొక్కితే బ్రౌజరులోనే ఐడీ అనే ఎడిటర్ తెరుచుకుంటుంది. మొదటిసారి ఒక శిక్షణ పాఠం చూపిస్తానంటుంది. కాదనకండి, కాసేపట్లో అయిపోతుంది.

ఫోను మీదే పని కావాలంటే ఆండ్రాయిడ్‌లో స్ట్రీట్‌కంప్లీట్ ఉంది. మీరు నిలబడ్డ చోట ఈ రోడ్డు తారా, సిమెంటా, మట్టా అని అడుగుతుంది. రైలు గేటుకి ఏ రకం అడ్డం ఉందని కూడా అడుగుతుంది. జవాబు నొక్కడమే. కొత్త గీతలు గీయడానికి అది పనికిరాదు గానీ బస్సు కోసం ఎదురుచూసేప్పుడు బాగా కాలక్షేపం. జోసమ్ అనే పెద్ద ఎడిటర్ ఒకటుంది. మొదటి నెల దాని జోలికి వెళ్లకండి.

ఇక్కడొక సంగతి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ప్రతి వస్తువుకీ అదేమిటో చెప్పే చీటీల్లాంటి ట్యాగులు ఉంటాయి: హైవే=రెసిడెన్షియల్, రైల్వే=స్టేషన్, ఇలా. నేను తెలుగు లిపిలో రాస్తున్నాను గానీ ఎడిటర్‌లో వాటిని ఇంగ్లీషు చిన్న బడి (స్మాల్ లెటర్స్) అక్షరాల్లో, రెండు మాటల మధ్య ఖాళీ బదులు అండర్‌స్కోరుతో టైపు చేయాలి. చాలావరకు టైపు చేసే అవసరం కూడా రాదు, ఐడీలో రకం పేరు వెతికి ఎంచుకుంటే ట్యాగు అదే పడుతుంది. హైవే అన్న మాట చూసి కంగారు పడకండి. ఇక్కడ సందుగొందులు కూడా హైవేలే.

గూగుల్ మ్యాప్ పక్కన పెట్టుకుని పేర్లు, గీతలు ఎక్కించకూడదు. అది వాళ్ల కాపీరైటు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటా 2012 నుంచి ఓడీబీఎల్ అనే బహిరంగ లైసెన్సు కింద ఉంది. అందులోకి కాపీ సరుకు చేరితే కనిపెట్టి మొత్తం పీకేస్తారు. ఐడీలో వెనక కనిపించే బింగ్, ఎస్రీ ఉపగ్రహ చిత్రాల మీద గీయడానికి అనుమతి ఉంది. మీ కళ్లూ, మీ ట్రాకూ, మీ ఫొటోలూ ఎటూ మీవే.

ఆ ఉపగ్రహ చిత్రం కూడా కొన్నిసార్లు కొన్ని మీటర్లు పక్కకి జరిగి ఉంటుంది. కొండల్లో, పాడేరు, అరకు వైపు అయితే ఇంకా ఎక్కువ. మీ ట్రాకు, అక్కడ ఇదివరకే ఎక్కించిన వేరేవాళ్ల ట్రాకులు చిత్రంలోని రోడ్డు మీద పడుతున్నాయో లేదో చూడండి. పడకపోతే బి మీట నొక్కి, నేపథ్యం పలకలో చిత్రాన్నే జరపండి. చిత్రానికి సరిపోవాలని రోడ్లన్నీ జరిపేసేవాళ్లు ఉంటారు. వాళ్లతో పెద్ద తలనొప్పి.

రోడ్డుకి ఏ తరగతి?

మన దేశంలో సాధారణంగా పాటించే పద్ధతి ఇది. ప్రవేశం నియంత్రించిన ఎక్స్‌ప్రెస్‌వేలు మోటర్‌వే. హైదరాబాద్ చుట్టూ ఉన్న 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు దీని కిందికి వస్తుంది. దాని మీదికి టూవీలర్లని రానివ్వరు కాబట్టి మోటర్‌సైకిల్=నో అని కూడా ఉండాలి. పక్కన సాగే సర్వీసు రోడ్డు వేరే గీత. జాతీయ రహదారి ట్రంక్, రాష్ట్ర రహదారి ప్రైమరీ, పెద్ద జిల్లా రోడ్డు సెకండరీ, మిగతా జిల్లా రోడ్లు టెర్షియరీ. ఊరికీ ఊరికీ మధ్య చిన్న తారు రోడ్డు అన్‌క్లాసిఫైడ్. ఊళ్లో ఇళ్ల మధ్య సీసీ రోడ్డు రెసిడెన్షియల్.

డొంక, పుంత, బండి బాట, ట్రాక్టరు తప్ప ఇంకోటి దూరని పొలం దారి, ఇవన్నీ ట్రాక్. వీటి దగ్గర బాగా జాగ్రత్త. ఉపగ్రహ చిత్రాల నుంచి యంత్రమే రోడ్లు గుర్తుపట్టి సూచించే పనిముట్లు వచ్చాయి. మెటా వాళ్ల ర్యాపిడ్ అలాంటిదే. డెల్టా జిల్లాల్లో పొలం గట్టుకీ, ఎండిన పంటకాలువకీ, నిజం రోడ్డుకీ పై నుంచి తేడా తెలియదు. సూచన కనిపించగానే సరే అనకండి. ఆ గట్టు మీద కారు వెళ్తుందా అన్నది మీకు మీరే వేసుకోవాల్సిన ప్రశ్న.

మీ ఊరి రోడ్డు మ్యాపులో సన్నగా కనిపిస్తోందని దాన్ని ప్రైమరీ చేసేయొద్దు. ఊరి మీద అభిమానం ఉండాల్సిందే గానీ, హైదరాబాద్ వెళ్లే లారీని రామాలయం సందులోకి తిప్పేంత వద్దు.

నంబర్ల విషయం. 2010లో జాతీయ రహదారుల నంబర్లు మారాయి. విజయవాడ–హైదరాబాద్ రోడ్డు 9 నుంచి 65 అయింది, చెన్నై–కోల్‌కతా రోడ్డులో మన వైపు ముక్క 5 నుంచి 16, కర్నూలు మీదుగా వెళ్లే పాత 7 ఇప్పుడు 44లో భాగం. మా వైపు పెద్దవాళ్లు ఇంకా ఐదో నంబరు రోడ్డనే అంటారు. రెఫ్‌లో కొత్త నంబరు, ఓల్డ్‌రెఫ్‌లో పాతది పెడితే ఇద్దరికీ న్యాయం.

డివైడరు ఉన్న రోడ్డుని రెండు గీతలుగా గీయాలి, ఒక్కోటి వన్‌వే. మనది ఎడమ వైపు ప్రయాణం కాబట్టి ఏ దిక్కుకి వెళ్లేవాళ్లకైనా తమ ఎడమ వైపు గీత మీదే ఆ దిక్కు బాణాలు ఉండాలి. తిరగబడితే వి మీట నొక్కండి. డివైడరు మధ్య నిజంగా తెరిపి ఉన్న చోటే రెండిటినీ కలపండి. గొయ్యి దాటించి బైకులు ఎక్కించే దొంగదారులు లెక్కలోకి రావు.

పేరు దగ్గర, నేమ్‌లో సాధారణంగా ఇంగ్లీషు పేరు ఉంటుంది. తెలుగు పేరుకి నేమ్ తర్వాత కోలన్ పెట్టి తెలుగు భాషా సంకేతం (టీ, ఈ అనే రెండక్షరాలు) రాస్తే వేరే గడి వస్తుంది. యాప్‌ని తెలుగులో పెట్టుకున్నా మన ఊళ్ల పేర్లు తెలుగులో కనిపించకపోవడానికి చాలాసార్లు ఆ గడి ఖాళీగా ఉండటమే కారణం. ఆ పని ఒక్కటే చేసినా మీ ఆదివారం వృథా కాలేదు.

గేటు, అండర్‌పాస్, వంతెన

రోడ్డూ పట్టాలూ ఒకే ఎత్తులో కలిస్తే రెండు గీతలకీ ఒకే చుక్క ఉండాలి, ఆ చుక్కకి రైల్వే=లెవెల్‌క్రాసింగ్. మనుషులు మాత్రమే దాటే చోటైతే రైల్వే=క్రాసింగ్. డబుల్ లైనైతే రెండు పట్టాల మీదా రెండు చుక్కలు. సాధారణంగా మర్చిపోయేది రెండోదే.

ఇప్పుడు గేటు పోయి అండర్‌పాస్ వచ్చిన చోటు. ముందు పాత చుక్క ఎంచుకుని గేటు ట్యాగు తీసేయండి. తర్వాత రోడ్డుని అక్కడ తెంపాలి: రోడ్డు గీతనీ, షిఫ్ట్ మీట పట్టుకుని ఆ చుక్కనీ కలిపి ఎంచుకుని ఎక్స్ నొక్కితే రోడ్డు రెండు ముక్కలవుతుంది, తర్వాత చుక్కని మాత్రమే ఎంచుకుని డి నొక్కితే పట్టాల నుంచి విడిపోతుంది. రెండు ముక్కల కొసలనీ కట్టకి ఇటూ అటూ, నిజంగా రోడ్డు ఆగిన చోటికి లాగండి. మా ఊళ్లో పట్టాల ముక్కలు పాతిన చోటే ఆ కొస.

ఆ తర్వాత కొత్త దారి. పాత రోడ్డు నుంచి చీలి కట్ట పక్కనే సాగి, కిందికి దిగి, అవతల మళ్లీ పాత రోడ్డులో కలిసే గీత గీయండి. పట్టాల కింద దూరే కాస్త ముక్కనీ రెండు చోట్ల ఎక్స్‌తో విడదీయండి. ఇక్కడ రెండు ఆచారాలు ఉన్నాయి. దారి పైన పడే పట్టాల ముక్కనీ అలాగే విడదీసి దానికి బ్రిడ్జి=యస్, లేయర్=1 (లేయర్ అంటే ఏది పైన, ఏది కింద అని చెప్పే అంకె) పెట్టేవాళ్లు కొందరు; రోడ్డు ముక్కకి టన్నెల్=యస్, లేయర్=మైనస్ 1 పెట్టేవాళ్లు కొందరు. నేను మొదటిదాని వైపు, మీ చుట్టుపక్కల ఏది వాడుకలో ఉంటే అది పాటించండి. రెండూ కలిపి పెట్టొద్దు. ఎత్తు రాసుకొచ్చారుగా, కింది రోడ్డు ముక్కకి మాక్స్‌హైట్ (ఇది ఒకే మాట, అండర్‌స్కోరు లేదు) కూడా ఎక్కించండి.

గీసేప్పుడు ఐడీకి ఒక దురలవాటుంది. గీత ఇంకో గీత మీద నొక్కితే అతుక్కుపోతుంది. ఆల్ట్ మీట పట్టుకుని నొక్కితే అతుక్కోదు. గీతలు దాటుతున్నాయని పక్కన హెచ్చరిక చూపిస్తూ వంతెన పెట్టనా, సొరంగం పెట్టనా, కలిపేయనా అని కూడా అడుగుతుంది. తొందరలో కలిపేయమంటే మీరు మూసిన గేటుని మళ్లీ మీరే తెరిచినట్టు.

వంతెనల గురించి నాకు రాజమండ్రి కన్నా మంచి పాఠశాల తెలియదు. గోదావరి మీద రైలు వంతెనలే మూడు. 1900లో తెరిచిన హేవ్‌లాక్ వంతెన మీద 1997లో రైళ్లు ఆగిపోయాయి. 1974 నాటి రోడ్డు-రైలు వంతెన మీద పైన రోడ్డు, కింద ఒక లైను పట్టాలు. మూడోది విల్లు ఆకారపు కమాన్లది. రోడ్డు-రైలు వంతెన దగ్గర రెండు గీతలు దాదాపు ఒకదాని మీద ఒకటి పడతాయి, ఒక్క చుక్క కూడా ఉమ్మడిగా ఉండకూడదు. రెండిటికీ బ్రిడ్జి=యస్, పట్టాలకి లేయర్=1, రోడ్డుకి లేయర్=2. హేవ్‌లాక్ లాంటి పాతవాటికి సూత్రం ఇది: పట్టాలు ఉండి రైళ్లు తిరగకపోతే రైల్వే=డిస్‌యూజ్డ్, పట్టాలు పీకేస్తే రైల్వే=అబాండన్డ్. తుడిచేయడం మాత్రం వద్దు, వంతెన ఏటి మీద నిలబడే ఉందిగా.

వాగుల మీద చప్టాలు కూడా చూసుకోండి. నీళ్లు రోడ్డు మీద నుంచే పారే చోటు వంతెన కాదు, ఫోర్డ్=యస్. తూము అయితే కాలువ ముక్కకి టన్నెల్=కల్వర్ట్.

పట్టాలు

రైలు ప్రియులకి ఇది అసలు భాగం, మిగతావాళ్లు దాటేసినా నష్టం లేదు. పట్టాల జత ఒక్కోదానికి ఒక్కో గీత. డబుల్ లైనుకి ఒకే గీత గీసి రెండు లైన్లని రాయడం పాత పద్ధతి. ప్రతి గీతకీ గేజ్=1676, కరెంటు ఉంటే ఎలక్ట్రిఫైడ్=కాంటాక్ట్‌లైన్, వోల్టేజ్=25000, ఫ్రీక్వెన్సీ=50. అసలు లైనుకి యూసేజ్=మెయిన్, శాఖా లైనుకి బ్రాంచ్. స్టేషన్లో లూప్‌లైనుకి సర్వీస్=సైడింగ్, గూడ్సు యార్డుకి యార్డ్, సిమెంటు ఫ్యాక్టరీకో, థర్మల్ కేంద్రానికో వెళ్లే లైనుకి స్పర్.

కాజీపేట–విజయవాడ, విజయవాడ–గూడూరు మార్గాల్లో మూడో లైను ముక్కలు ముక్కలుగా తెరుస్తూ వచ్చారు. అలాంటి చోట ఉపగ్రహ చిత్రం ఎప్పుడూ వెనకే ఉంటుంది. రైలు తిరగనంతవరకు రైల్వే=కన్‌స్ట్రక్షన్, తిరిగాక రైల్వే=రైల్. నడికుడి–శ్రీకాళహస్తి లైను మొత్తాన్నీ కాగితం మీద చూసి ఒకేసారి గీసేయకండి. మట్టి కట్ట లేచిన మేరకే గీయండి. సిద్దిపేటకి 2023 అక్టోబరులో రైలు వచ్చింది, ఆ కొత్త మార్గంలో స్టేషన్ల తెలుగు పేర్లన్నీ ఉన్నాయో లేదో చూడటం తెలంగాణ మిత్రులకి ఒక పూట పని.

స్టేషన్ చుక్కకి నేమ్, తెలుగు పేరు, రెఫ్‌లో రైల్వే కోడ్. విజయవాడ కోడ్ బీజెడ్‌ఏ. ఊరి పేరు మారినా బెజవాడ అక్కడ బతికే ఉంది. సిగ్నళ్లు, గేజి, కరెంటు అన్నీ రంగుల్లో చూపించే ఓపెన్‌రైల్వేమ్యాప్ అనే సైటులో మీ మార్గం తెరిస్తే ఏ ముక్కకి ట్యాగు లేదో ఇట్టే కనిపిస్తుంది.

సేవ్ చేసే ముందు, తర్వాత

సేవ్ నొక్కితే ఒక వ్యాఖ్య అడుగుతుంది. "మార్పులు" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. "పాత గేటు మూసేశారు, కొత్త అండర్‌పాస్ దారి కలిపాను, స్వయంగా చూశాను" అని రాయండి. తెలుగులో రాసినా తప్పులేదు, కింద ఒక ఇంగ్లీషు ముక్క ఉంటే వేరేవాళ్లకీ అర్థమవుతుంది. ఒక ఊరి పని ఒక సేవ్‌లో ముగించండి, శ్రీకాకుళంలో ఒక చుక్క, ఆదిలాబాద్‌లో ఒక చుక్క కలిపి పంపొద్దు.

నేను మొదట్లో మ్యాపుని జరపబోయి జాతీయ రహదారి చుక్కనే పట్టుకుని వరి చేలోకి లాగేశాను, చూసుకోకుండా సేవ్ కూడా చేశాను. తెల్లారేసరికి ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి సరిచేసి, "బాబూ, జరిపేప్పుడు చూసుకో" అన్నట్టు మర్యాదగా సందేశం పెట్టాడు. ప్రతి మార్పు చరిత్రా దాచి ఉంటుంది కాబట్టి కొంప మునగదు. సందేశం వస్తే మాత్రం జవాబివ్వండి.

కొన్ని నిమిషాల్లో సైటులో కొత్త గీత కనిపిస్తుంది. అసలు పరీక్ష గీత కనిపించడం కాదు. అదే సైటులో దారి వెతికే చోట కట్టకి ఇవతల ఒక చుక్క, అవతల ఒక చుక్క పెట్టి కారు దారి అడగండి. వెంటనే మారకపోతే ఒకట్రెండు రోజులు ఆగి చూడండి, ఆ డేటా కాస్త ఆలస్యంగా చేరుతుంది. అప్పటికీ చుట్టు తిప్పుతుంటే ఎక్కడో చుక్క కలవలేదన్నమాట, వెళ్లి వెతకండి. ఫోను యాప్‌లలో అయితే మ్యాపు మళ్లీ దించుకున్నాకే కొత్త దారి వస్తుంది. చుట్టుపక్కల ఇంకా ఏం తెగి ఉన్నాయో చూపడానికి ఓస్మోస్, మ్యాప్‌రౌలెట్ అనే సైట్లు ఉన్నాయి. మీకు ఖాయంగా తెలియని చోట గీయకుండా మ్యాపు మీద ఒక నోట్ వదిలితే అటు వెళ్లేవాళ్లు ఎవరో చూస్తారు.

వానలు మొదలయ్యాక అండర్‌పాస్ దగ్గరికి ఇంకోసారి వెళ్లండి. మా దాని కింద రెండు పెద్ద వానలకే మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి, ఆటోవాళ్లు అయిదు కిలోమీటర్లు చుట్టు తిరిగి పక్క ఊరి గేటు మీదుగా వెళ్తారు. ఆ ముక్కకి ఫ్లడ్‌ప్రోన్=యస్ పెట్టాను. దారి చూపే యాప్‌లు చాలావాటికి ఆ ట్యాగు ఇంకా అర్థం కాదు. అందుకని ఆ పక్క ఊరి గేటుకి కూడా నంబరు, అడ్డం రకం అన్నీ సరిగ్గా ఎక్కించి ఉంచాను. వచ్చే శ్రావణంలో ఇంట్లో ఇంకో పెళ్లుంది.